స్వామి ఆటో

నేను ఒక తులసి మాలను. వీరవేణి గారి దేవుడి గూట్లో, పసుపు గుడ్డ మూటలో నా కాపురం. ఏడాదిలో ఎక్కువ కాలం చీకట్లోనే ఉంటాను. కార్తీకం రాగానే నన్ను బయటికి తీస్తారు, పాలతో కడుగుతారు, మనిషి మెడలో వేస్తారు. ఆ మెడ మీద నేనున్నన్నాళ్ళూ ఆ మనిషిని ఊరంతా ‘స్వామీ’ అని పిలుస్తుంది. తెల్లారకుండా చన్నీళ్ళ స్నానం, నల్ల బట్టలు, ఒంటిపూట భోజనం, నేల మీద పడక. తాగుడు ఊసే ఉండదు. కొండకు వెళ్ళి వచ్చాక నన్ను తీసి మళ్ళీ మూటగడతారు. ఆ తర్వాత ఆ మెడ ఏం చేస్తుందో నాకు కనపడదు. వినపడుతుంది.

నా పుట్టుక ఎండిన తులసి కొమ్మల మోపులో. ఒకామె కొమ్మలు తరిగింది, ఒకామె పూసలు నున్నగా గీకింది, ఒకామె దారానికి గుచ్చింది. గుచ్చినంతసేపూ మొగుణ్ణి తిట్టుకుంటూనే గుచ్చింది. పవిత్రమైన వస్తువులన్నీ ఇలాగే తయారవుతాయేమో, నాకు తెలియదు. అక్కణ్ణించి పాలకొల్లులో ఒక పూజా సామాన్ల కొట్టుకి చేరాను. వచ్చినవాళ్ళు పూసలు అసలు తులసివేనా అని గోటితో గీకి చూసేవారు, చివర వేలాడే ఇత్తడి బిళ్ళ మెరుస్తోందా అని చూసేవారు. వీరవేణి మాత్రం నా దారాన్ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగింది.

“ఇది తెగదు కదండీ?” అని అడిగింది.

“తెగితే మళ్ళీ గుచ్చుకోవచ్చమ్మా.”

“తెగకూడదండీ. మధ్యలో తెగితే ఆయన మళ్ళీ మొదలెడతాడండీ.”

ఏం మొదలెడతాడని కొట్టువాడు అడగలేదు. అడగక్కర్లేదు. అలాంటి ఆడవాళ్ళు ఆ కొట్టుకి రోజూ వచ్చేవారు.

ఆయన పేరు పెద్దిరాజు, లారీ డ్రైవరు. చేపల లోడు వేసుకుని రాష్ట్రాలు దాటి వెళ్ళేవాడు. నన్ను వేసుకున్న రోజుల్లో చుక్క ముట్టేవాడు కాదు. నన్ను తీశాక ముట్టనిరోజు ఉండేది కాదు. ఊళ్ళో దాన్ని తప్పుగా అనుకున్నవాళ్ళే లేరు. “రెండు గ్లాసులు పడితేనే పెద్దిరాజు బండి గీత మీద పోద్ది” అని టీకొట్టు దగ్గర మెచ్చుకునేవారు. వీరవేణి కూడా పక్కింటివాళ్ళతో “మా ఆయన ఎంత తాగినా చెయ్యి వణకదు వదినా” అనేది. అది గొప్పకి కాదు. అలా పైకి అనుకుంటే తప్ప ఆవిడకి నిద్ర పట్టేది కాదు. నేను మెడలో ఉన్న నెలన్నర మాత్రం నిజంగా పడుకునేది. గూట్లో దీపం పెట్టి, ఈ రోజులు తరగకుండా చూడు స్వామీ అని దణ్ణం పెట్టుకునేది. రోజులు తరగకుండా ఎలా ఉంటాయి?

ఒక ఏడాది కొండ నుంచి వచ్చి నన్ను తీసిన మర్నాడే లోడుకి వెళ్ళాడు. హైవే పక్కన ఆపి ఉన్న ట్రాక్టరుని కొట్టాడు. మనిషి ఇంటికి రాలేదు. రెండు గ్లాసులు పడితేనే బాగా తోలతాడన్న నోళ్ళే “తాగి తోలితే మరి ఏమవుద్ది?” అన్నాయి. మాట మార్చుకున్నట్టు ఎవరికీ అనిపించలేదు.

నేను గూట్లోనే ఉండిపోయాను. రోజూ సాయంత్రం వీరవేణి దీపం పెట్టడానికి వచ్చి నా ఎదురుగా కూర్చునేది. కొడుకు రావడం కాస్త ఆలస్యమైతే చాలు, కాలువలో పడ్డాడు అనుకునేది. ఫోను మోగితే ఆసుపత్రి నుంచి అనుకునేది. మోగకపోతే ఫోను కూడా నీళ్ళలో పడిపోయింది అనుకునేది. ఆవిడ పక్కన ఉండీ ఉండీ నాకూ అదే అలవాటైంది. చీకట్లో, మూటలో పడి ఉండి, ఆటో చప్పుడు కోసం చెవి ఒగ్గేదాన్ని.

అవును, ఆటోయే. కొడుకు మావుళ్ళుకి లారీ వద్దని ఏడ్చి, ఆటో కొనిపించింది. రోజూ తెల్లవారుతూనే ఊళ్ళో ఆడవాళ్ళని రొయ్యల షెడ్డుకి తీసుకెళ్ళడం వాడి పని. రొయ్యల తలలు తీసే పని వాళ్ళది. షెడ్డుకి దారి కాలువ గట్టు మీద. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేపల చెరువులు. మావుళ్ళు తండ్రిని చూసి తాగుడు వాసన కూడా దగ్గరికి రానీయలేదు. అయినా వీరవేణి నమ్మితేనా? సాయంత్రం బండి ఆగగానే గుమ్మంలో నిలబడి “ఏదీ, మూతి చూపించు” అనేది.

“అమ్మా, నేనేమన్నా చంటిపిల్లోణ్ణా?”

“చంటిపిల్లోడివైతే పాలవాసనే వత్తది, నేనెందుకు చూత్తాను? ఊదు.”

వాడు నవ్వుతూ ఊదేవాడు. ఆవిడ ముక్కు దగ్గరికి తెచ్చి, కళ్ళు మూసుకుని వాసన చూసేది. ఏమీ లేకపోతే అప్పుడు అన్నం పెట్టేది. ప్రమాదం అనేది వాసనతోనే వస్తుందని ఆవిడ నమ్మకం. తాను చూసిన ప్రమాదం అలాగే వచ్చింది కాబట్టి ఆవిడని తప్పు పట్టలేను.

ఒక కార్తీకంలో మావుళ్ళు తనంతట తనే మాల వేసుకుంటానన్నాడు. వీరవేణి సంబరానికి అంతు లేదు. గురుస్వామి నన్ను పాలతో కడిగించి, తండ్రి మాల కొడుకు మెడలో వేశాడు. ఆ క్షణం నుంచి మావుళ్ళు తల్లిని ‘మాతా’ అనాలి. ఆవిడ కొడుకుని ‘స్వామీ’ అనాలి. సాయంత్రం అలవాటుకొద్దీ ‘ఏదీ, మూతి’ అని ముందుకు వంగి, నన్ను చూసి టక్కున ఆగి, రెండు చెంపలూ వేసుకుంది. స్వామి మూతి వాసన చూడటమా? ఆ రోజుతో ఆ పరీక్ష ఆగిపోయింది.

ఆ ఊళ్ళో ఇంకో ఆటో కొండబాబుది. రోజూ సాయంత్రం తాగుతాడు. దాచుకునే మనిషి కాదు. అప్పటిదాకా సగం మంది ఆడవాళ్ళు అతని బండి ఎక్కేవారు. నేను మావుళ్ళు మెడలోకి రాగానే అందరూ ఇటు వచ్చేశారు.

“స్వామి ఆటో ఉండగా నీ సారా డబ్బాలో ఎవరెక్కుతారు కొండబాబూ?” అని అరిచింది కాంతం. షెడ్డు ఆడవాళ్ళలో పెద్దది, నోరు పెద్దది.

“రాత్రి తాగింది పొద్దుటికి దిగిపోద్దే అత్తా. చన్నీళ్ళు పోసుకున్నాను, మజ్జిగ తాగాను. ఇంకేటుంటది?”

“స్వామి కూడా చన్నీళ్ళే పోసుకున్నాడు. నువ్వు దిగడానికి పోసుకున్నావు, ఆయన కొండెక్కడానికి పోసుకున్నాడు. పో, పో!”

అందరూ నవ్వారు. ఇరుక్కుని కూర్చుని, ఇంకొకరికి చోటు చేసుకున్నారు. ఒక్క చోటు మాత్రం ఖాళీ. డ్రైవరు పక్కన. మామూలు రోజుల్లో కాంతం అక్కడే కూర్చునేది. దారిపొడుగునా అత్తగారి ముచ్చట్లు, కోడలి ముచ్చట్లు చెబుతూ మావుళ్ళు డొక్కలో పొడుస్తూ ఉండేది. ఇప్పుడు స్వామిని ఆడవాళ్ళు తాకకూడదని వెనక్కి సర్దుకుంది. మాటలు కూడా తగ్గాయి. స్వామి దగ్గర కోడలి ముచ్చట్లేంటని.

వంతెన దగ్గర అప్పుడప్పుడు పోలీసులు నిలబడేవారు. ఊదే మిషను కొండబాబు నోట్లో పెట్టేవారు. మావుళ్ళు బండి ఆపబోతే నన్ను చూసి, టోపీ సర్దుకుని “స్వామి శరణం, వెళ్ళండి వెళ్ళండి” అనేవారు. నేను ఇన్నేళ్ళలో చాలామంది నుదుళ్ళు తాకాను, ఎంతోమంది నన్ను కళ్ళకద్దుకున్నారు. లైసెన్సుగా పనికొస్తానని మాత్రం అప్పుడే తెలిసింది.

మార్గశిరంలో చలి ముదిరింది. తెల్లారకుండా చన్నీళ్ళు, పొద్దుపోయేదాకా భజనలు, చాప మీద పడక. మావుళ్ళుకి దగ్గు పట్టుకుంది. దగ్గినప్పుడల్లా నేను వాడి గుండె మీద ఎగిరెగిరి పడేదాన్ని. వీరవేణికి ఇక చెప్పాలా? దగ్గు నిమ్ము అవుతుంది, నిమ్ము ఇంకేదో అవుతుంది. ఊళ్ళో వైద్యం చేసే ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన సిరప్పు సీసా, జలుబు బిళ్ళలు ఇచ్చి, “రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారే వెయ్యమ్మా. నిద్దరొత్తది” అన్నాడు.

మూడు రాత్రుళ్ళు అలాగే వేసింది. నాలుగో రోజు తెల్లవారుజామున మావుళ్ళు తడి బట్టలతో వణుకుతూ దగ్గుతుంటే ఆవిడ ప్రాణం ఆగలేదు. గట్టు మీద ఆ మంచుగాలి మీద పడితే వీడేమైపోతాడు? మూత నిండా సిరప్పు పోసింది. “ఇది కూడా పుచ్చుకోండి స్వామీ” అంది. రాత్రి వేసింది కాక, పొద్దున్న కూడా. ఆయన చెప్పిన నిద్దర మాట ఆవిడకి గుర్తుంది. చీకట్లో పడుకున్నవాడికి నిద్ర వస్తుంది గానీ, పగలు పనిలో ఉన్నవాడికి ఎందుకొస్తుంది అనుకుంది. అదేమన్నా సారాయా? తియ్యగా, ఎర్రగా, చంటిపిల్లలకి కూడా వేసేదే కదా. దగ్గు తగ్గింది. ఆవిడ నన్ను చూసి దణ్ణం పెట్టుకుంది.

అలా కొన్ని పొద్దులు గడిచాయి. నాకు మాత్రం మెడ తెలుస్తుంది. మెడ మీద ఉండేదాన్ని కదా. బండి నడుస్తుండగా ఆ మెడ మెత్తబడేది, మళ్ళీ బిగుసుకునేది. గడ్డం వచ్చి నా పూసల మీద ఆనేది. ఉలిక్కిపడి లేచేది. పెదాలు కదిలేవి. కేక వెయ్యడానికి పూసలకి నోరెక్కడిది?

ఒక రోజు మంచు దట్టంగా పట్టింది. కాలువ ఏదో, గట్టు ఏదో తెలియడం లేదు. ఆ గడ్డం నా మీద ఆనింది. లేవలేదు. బండి తిన్నగా, ఎంతో ప్రశాంతంగా, వంపు దగ్గర తిరగకుండా వెళ్ళి కాలువ వైపుకి జారింది. ఒక పక్కకి ఒరిగి, నీళ్ళ మీద దట్టంగా అల్లుకున్న గుర్రపుడెక్క మొక్కల్లో పడింది. నీళ్ళు అక్కడ లోతు లేవు. ఆ రెండే బతికించాయి. అరుపులు, టిఫిను గిన్నెల చప్పుడు, బురద. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పాక్కుంటూ గట్టెక్కారు. సుభద్ర అనే అమ్మాయి మాత్రం రాలేకపోయింది. కాలు కమ్మీ కింద నలిగింది.

వెనకాల ఖాళీ బండితో వస్తున్న కొండబాబు ముందుగా దూకాడు. భుజం పెట్టి ఆటో ఎత్తాడు, సుభద్రని లాగాడు. ఇంతలో చెరువుల దగ్గర కాపలావాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకడు కొండబాబు దగ్గర వాసన పసిగట్టాడు. వెంటనే కాలరు పట్టుకున్నాడు.

“తాగుబోతు నాయాలా, నువ్వే గుద్దేసుంటావు!”

“నేనెక్కడ గుద్దానండీ బాబూ? నేను వెనకాలొత్తన్నాను!”

“వదలండయ్యా, ఆడు కాదు, ఆడు కాదు!” అని కాంతం బురదలోంచే అరిచింది. అరిచేలోపు రెండు దెబ్బలు పడనే పడ్డాయి.

అప్పుడు మావుళ్ళు వైపు తిరిగారు. భుజం పట్టుకుని గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, “తప్పుగా అనుకోకండి స్వామీ” అని ముందు నన్ను కళ్ళకద్దుకుని, తర్వాత వాడి మూతి వాసన చూశాడు. “ఏమీ లేదు” అన్నాడు. ఇక అందరికీ ఊపిరి వచ్చింది. తప్పు మంచుది. తప్పు వంపుది. దిష్టి కూడా తగిలి ఉంటుంది. “మెడలో మాలుంది కాబట్టి ఇంతమందీ బతికారు” అంది ఎవరో. తడిసి వణుకుతున్న ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నాకు దణ్ణం పెట్టారు. నేను ఏం చేశానని? గుర్రపుడెక్కకి పెట్టవలసిన దణ్ణం అది.

మర్నాడు వీరవేణి కొడుకుని వెంటబెట్టుకుని, బత్తాయిలు పట్టుకుని, ఆసుపత్రికి వెళ్ళింది. సుభద్ర కాలికి కట్టు వేసి, బరువు కట్టి వేలాడదీశారు. మళ్ళీ షెడ్డులో నిలబడి పని చేయడానికి చాలా నెలలు పడుతుందన్నారు. చేస్తుందో లేదో కూడా చెప్పలేదు.

“మంచు అంత పట్టిందా అమ్మా?” అని అడిగింది వీరవేణి.

సుభద్ర మావుళ్ళు వైపు చూసి, మాట మింగేసింది.

“చెప్పండి మాతా” అన్నాడు మావుళ్ళు, తల వంచుకుని.

“మంచు కాదత్తా. నేను అద్దంలో చూత్తానే ఉన్నాను. నాలుగు రోజుల్నించీ చూత్తన్నాను. స్వామి తల ఊగుతాది, కళ్ళు మూసుకుంటాడు, పెదాలు కదులుతాయి. శరణాలు చెప్పుకుంటన్నాడు అనుకున్నానత్తా. ఎంత భక్తో అనుకున్నాను. కాంతమ్మ పిన్నికి కూడా చూపించాను. ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం.” దుప్పటి సర్దుకుని మళ్ళీ అంది. “నిన్న ఒక్కసారి అనుమానం వచ్చింది. నిద్దరపోతన్నావా అని స్వామిని ఎలాగడుగుతాం? పాపం కదా. అదే కొండబాబయితే జుట్టు పట్టుకుని లేపేదాన్ని.”

వీరవేణి చేతిలో బత్తాయి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒలుస్తున్నదల్లా ఒలవడం మానేసింది. ఆవిడ కొడుకు మొహం చూడలేదు, సుభద్ర మొహం చూడలేదు. నా వైపు చూసింది. ఆ చూపు నేను ఎరుగుదును. తెగదు కదండీ అని అడిగిన రోజు చూసిన చూపు.

“పొద్దున్న పూట నేనే పోశానమ్మా సిరప్పు” అంది. “రాత్రికే అన్నాడాయన. నేనే పోశాను.”

“దగ్గు సిరప్పేగా అత్తా” అంది సుభద్ర, ఆవిడని ఓదార్చడానికి. కాలు కదిలి మొహం చిట్లించుకుంది.

వారం తిరక్కుండానే ఆటో బాగుచేయించుకుని తెచ్చాడు మావుళ్ళు. భుజం నొప్పికి ఆసుపత్రిలో బిళ్ళలిచ్చారు. వేసుకున్నాక కాస్త తూగు వస్తుందని నర్సు చెప్పింది. ఆ పొద్దున్న స్నానం చేసి, ఒక బిళ్ళ మింగి, బండి దగ్గరికి నడిచాడు. ఆడవాళ్ళు అప్పటికే వచ్చి ఎక్కేశారు. ఎవరూ భయపడలేదు. మాల ఉందిగా. పైగా ఒకసారి బతికించిన మాల.

వీరవేణి వెనకాలే వచ్చింది. “ఏం పుచ్చుకున్నారు స్వామీ?”

“నొప్పి బిళ్ళ మాతా.”

“తూగొత్తదన్నారుగా దానికి?”

“తాగుడు కాదుగా మాతా. బిళ్ళేగా.”

తాళం తిప్పబోయాడు. వీరవేణి వాడి చేతి మీద చెయ్యి వేసింది. స్వామిని తాకకూడదని కూడా ఆవిడకి తోచలేదు. “ఒరేయ్ మావుళ్ళూ, దిగరా!” అంది. మాల వేసినాక ఆ పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆటోలో అందరూ నోళ్ళు తెరిచారు. తాళం లాగేసి గుప్పెట్లో పట్టుకుని, ఉన్నదంతా చెప్పేసింది. సిరప్పు, పొద్దున్న పూట మూత, సుభద్ర అద్దంలో చూసింది, శరణాలు కావవి నిద్ర అని.

కాంతమే మొదలెట్టింది.

“చోద్యం కాకపోతే ఏంటొదినా! దగ్గు సిరప్పు తాగినోడు తాగుబోతయితే మా మావగారు ఊరికే పెద్ద తాగుబోతు. సీసాలకి సీసాలు ఖాళీ చేత్తాడు!”

నవ్వులు.

“మీ మావగారు మంచం తోలుతున్నాడొదినా. ఇంతమందిని కూర్చోబెట్టుకుని గట్టు మీద ఆటో తోలట్లేదు.”

“కన్నకొడుకు మీద నీకే నమ్మకం లేకపోతే మేమేం చేత్తాం? షెడ్డుకి టైమైపోతంది. తాళం ఇస్తావా, ఇవ్వవా?”

“ఇవ్వను.”

గొణుక్కుంటూ దిగారు. దిగి, ఏం చేశారనుకున్నారు? నడిచి కొండబాబు బండి ఎక్కారు. వీరవేణి అక్కడికీ పరుగెత్తింది. “రాత్రి తాగావా నువ్వు?” అని అడిగింది.

“కొంచెమే పిన్నీ. దిగిపోయింది” అని, దెబ్బల మచ్చలు తగ్గని మొహంతో నవ్వి, బండి ముందుకి దూకించాడు. ఒక గుప్పెట్లో ఒక తాళమే పడుతుంది. ఆ బండి గట్టు వంపు తిరిగి మంచులో కలిసిపోయేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. ఆ రోజు ఏమీ జరగలేదు. కొండబాబుకి ఇన్నేళ్ళుగా ఏమీ జరగడం లేదు. అతను తాగినా బాగానే తోలతాడని ఊరు అనుకోవడానికి కారణం అదే.

మావుళ్ళు తల్లి మీద అలిగాడు. రెండు రోజులు ‘మాతా’ అని కూడా అనలేదు. మూడో రోజు సుభద్రని చూసి వచ్చి, వేలాడుతున్న ఆ కాలు గురించి ఏమీ చెప్పకుండా, సిరప్పు సీసా తీసుకెళ్ళి దొడ్లో పారబోశాడు. బిళ్ళలు అయిపోయేదాకా బండి తీయలేదు. కొండకి వెళ్ళి వచ్చి నన్ను తీశాక ఊళ్ళో కూలిపనికి కొన్నాళ్ళు వెళ్ళాడు, సుభద్ర ఇంటికి బియ్యం మోశాడు. ఇప్పుడు మళ్ళీ ఆటో తోలుతున్నాడు. డ్రైవరు పక్కన కాంతం కూర్చుంటుంది, కోడలి ముచ్చట్లు చెబుతుంది, డొక్కలో పొడుస్తుంది. ఇంకోసారి మాల వేసినా అక్కడే కూర్చుంటానని, పాపం వస్తే షెడ్డు యజమానికి సగం ఇస్తాననీ అంటుంది. గుమ్మంలో పరీక్ష మాత్రం మళ్ళీ మొదలైంది. ఇప్పుడు సాయంత్రం కాదు, పొద్దున్నే, తాళం ఇచ్చే ముందు. వాసన చూడదు. గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూస్తుంది. “రాత్రి నిద్దరపోయావా? ఏమన్నా మింగావా?” అని అడుగుతుంది. వాడు విసుక్కుంటాడు, చెబుతాడు.

మొన్న కార్తీకం వస్తుండగా కొండబాబు పెళ్ళాం పుష్ప వచ్చింది. గూటి ముందు నిలబడి కొంగు నలుపుకుంటూ అడిగింది.

“అత్తా, మీ మాల ఇవ్వరా? ఆయన వేసుకుంటానన్నాడు. ఇంతమందిని బతికించిన మాలంట కదా. ఆ నెలన్నరయినా నేను కంటినిండా నిద్దరపోతాను.”

మూటలో నాకు గుండెలు ఉంటే జారి ఉండేవి. ఆ మాట, ఆ గొంతు, ఆ నెలన్నర. అన్నీ నేను ఇదివరకు విన్నవే.

వీరవేణి గూటి దగ్గరికి వచ్చింది. మూట తీసి చేతిలో పట్టుకుంది. దారం మీద బొటనవేలు ఉంచి, పూసలు ఒక్కొక్కటీ తడిమింది.

“ఆటో తాళం ఎక్కడుంటది పుష్పా?”

“ఆయన జేబులోనే అత్తా. ఇంకెక్కడుంటది?”

“ముందు దాన్ని తెచ్చి నీ కొంగున కట్టుకో. ఏ పొద్దున ఆయన కళ్ళు నీకు నచ్చకపోతే ఆ పొద్దున ఇవ్వకు. మాల ఉన్నప్పుడూ అంతే, తీశాకా అంతే. అలా చెయ్యగలనని వచ్చి చెప్పు. అప్పుడు ఇస్తాను.”

“కొడతాడత్తా” అంది పుష్ప, మెల్లిగా.

“కొడితే ఇక్కడికి రా. తాళంతో రా.”

పుష్ప తల ఊపి వెళ్ళిపోయింది. వీరవేణి నన్ను మళ్ళీ పసుపు గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది, ఈసారి ముడి వెయ్యకుండా. కార్తీకం సగం అయిపోయింది. తెల్లవారితే రెండు ఆటోలూ గట్టు మీదికి వెళతాయి. వీరవేణి దీపం ఆర్పకుండా కూర్చుని రెండింటి చప్పుడూ వింటుంది. నేనూ వింటాను. పుష్ప ఇంకా రాలేదు.